గోడ మీది కాక్‌పిట్

"నౌకరి దొరికింది గదా బిడ్డా, మళ్ళ ఈ చదువు దేనికే?"

ఆఫర్ లెటర్ వచ్చినప్పటి నుంచి ట్రైనింగ్‌కు బయల్దేరేదాకా మా గల్లీలో ఈ మాట అడగని మనిషి లేడు. వాళ్ళ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో నౌకరి అంటే చేరిన నెలకు పగారు. మా తాత జూనీ మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరినప్పుడు మొదటి రోజే మగ్గం ముందు నిలబెట్టారట. పైలట్ పని అట్లా కాదు. లైసెన్సు చేతిలో ఉన్నా, కంపెనీ లెటర్ ఇచ్చినా, జనం కూర్చున్న విమానంలో కుడి సీట్లో కూర్చునే ముందు నెలల తరబడి ట్రైనింగ్ ఉంటుంది. అందులో నిలబడకపోతే ఆ లెటర్ ఉన్నా లేనట్టే. మా ఇల్లు బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంది కాబట్టి ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

లెటర్‌కూ చేరే తేదీకీ మధ్య నాకు ఆరు వారాలు దొరికాయి. ఆ ఆరు వారాల గురించి రాయమని సంపాదకులు అడిగారు. మన పేటల్లో ఈ దారిలో ఉన్న పిల్లలకు పనికొస్తుందని ఒప్పుకున్నాను.

ముందు విమానం సంగతి చెప్తాను. నేను నేర్చుకునేది ఏటీఆర్ 72-600. ఫ్రాన్స్‌లో తులూజ్ ఊర్లో తయారవుతుంది. 2025 జూన్‌లో మన హోట్గీ రోడ్డు విమానాశ్రయం నుంచి గోవాకు ఎగరడం మొదలుపెట్టింది ఈ రకమే. (దానికోసం 2023 జూన్‌లో చక్కెర కార్ఖానా చిమ్నీ కూల్చారు. మనవాళ్ళల్లో చానామందికి ఆ కోపం ఇంకా పోలేదు. చిమ్నీ పడిపోతుంటే ఫోన్‌లో చూసి నాయిన ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఈ నౌకరి చేస్తున్నా ఆ మాట నేను మర్చిపోలేదు.) రెక్క పైన ఉంటుంది, రెండు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ఆరు ఆకుల పంకా. 70 మంది దాకా పడతారు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు దాటి పోతే ఇది 500 దగ్గర పోతుంది. కానీ 1,300 మీటర్ల చిల్లర రన్‌వే చాలు, అందుకే చిన్న ఊర్లకు ఇదే దిక్కు. జనం వెనక తలుపు నుంచి ఎక్కుతారు, సామాను ముందు నుంచి పోతుంది. నేల మీద ఉన్నప్పుడు కరెంటుకూ ఏసీకీ వేరే చిన్న ఇంజన్ ఉండదు. కుడి ఇంజన్‌నే నడిపిస్తూ దాని పంకా తిరగకుండా బ్రేకు వేస్తారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. ఇది విని నాయిన చానా సంతోషపడ్డాడు. "అంటే మోటర్ నడుస్తది, మగ్గం ఆడదు. క్లచ్ తీసినట్టే గదా!" అన్నాడు.

ఇంతకుముందు 200 గంటలు నేను నడిపినవి ఎక్కువ శాతం ఒక్క ఇంజన్ సెస్నా విమానాలు. టన్ను చిల్లర బరువు, నలుగురు పడతారు. ఏటీఆర్ నిండుగా 23,000 కిలోలతో లేస్తుంది. పైగా సెస్నాలో అంతా ఒక్కదాన్నే చేసుకునేదాన్ని. ఇక్కడ ఇద్దరు. ఒకరు నడిపితే ఇంకొకరు చూడాలి, చదవాలి, రేడియోలో మాట్లాడాలి. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడాలి. అసలు కష్టం బరువులో లేదు, ఈ ఇద్దరి పనిలో ఉంది.

మొదటి వారం నేను పాడు చేసుకున్నాను. ఎవరో ఇచ్చిన పాత నోట్సు పట్టుకుని రాత్రీ పగలూ బట్టీ పట్టాను. తర్వాత తెలిసింది, అవి వేరే కంపెనీ పద్ధతులు. ఏ మాట ఎప్పుడు పలకాలి, ఏ స్విచ్ ఎవరు వెయ్యాలి అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. తప్పుడు మాట నాలుకకు ఎక్కితే దించడం కష్టం. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పాత మాట నోట్లో నుంచి వస్తుంది. నా బ్యాచ్‌కంటే రెండేళ్ళ ముందు చేరిన ఒక అక్క అప్పుడు తిట్టినంత పని చేసింది. "కంపెనీ పుస్తకాలు కంపెనీ ఇస్తుంది, అప్పటిదాకా ఆగు. విమానం ఎక్కడైనా ఒకటే, దాన్ని నేర్చుకో. ఏ స్విచ్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పాలి. లెక్కలు నోటికి రావాలి. మంటలు, పొగ లాంటివాటికి పుస్తకం తియ్యకుండా చేసే పనులు వరసగా రావాలి. మిగతాది అక్కడ నేర్పుతారు" అంది.

కాక్‌పిట్ బొమ్మ అసలు సైజులో కావాలి. అంత పెద్ద కాగితం ఎక్కడ దొరుకుతుంది? కన్నా చౌక్ దగ్గర పుట్టినరోజుల బ్యానర్లు వేసే ఫ్లెక్స్ దుకాణానికి పోయాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో సాహెబ్ ఫోటో ఎక్కడ పెట్టాలె?" అని అడిగాడు. ఏ సాహెబూ లేడని చెప్తే నమ్మడానికి కొంచెం టైం పట్టింది. ఆరడుగుల ఫ్లెక్స్ ముందర గోడకు కొట్టాము. తల మీద ఉండే స్విచ్‌ల బొమ్మను ఇంకో ఫ్లెక్స్ మీద వేయించి అటక దూలానికి కట్టాము. ముందర ప్లాస్టిక్ కుర్చీ. రెండు సీట్ల మధ్య ఉండే లీవర్లకు నాయిన ఒక చెక్కకు బొక్కలు పెట్టి కార్ఖానాలో పడేసిన కండెలు బిగించాడు. ఎడమ వైపు రెండు పవర్ లీవర్లు, వాటి పక్కన రెండు కండిషన్ లీవర్లు, ఆ పక్కన ఫ్లాప్ లీవర్.

ఈ లీవర్ల దగ్గరే కొంచెం ఆగాలి. 2023 జనవరి 15న నేపాల్‌లో పోఖరా దగ్గర ఒక ఏటీఆర్ 72 దిగబోతూ పడిపోయింది. అందులో ఉన్న 72 మందీ పోయారు. ఫ్లాప్ లీవర్ జరపాల్సిన చెయ్యి పక్కనున్న రెండు కండిషన్ లీవర్ల మీద పడిందని విచారణలో తేలింది. ఆ లీవర్లు అట్లా వెనక్కి పోతే పంకా ఆకులు గాలికి వాలుగా తిరిగిపోతాయి, ఇంజన్ తిరిగినా విమానాన్ని లాగే బలం ఉండదు. ఆ లీవర్లు జరిపింది కొత్త పిల్లలు కాదు, నేర్పే స్థాయి పైలట్. అంతకుముందు 2015 ఫిబ్రవరి 4న తైపేలో ఇంకొక ఏటీఆర్ 72-600 లేచిన కాసేపటికే ఒక ఇంజన్ పని చెయ్యలేదు. పైలట్ కంగారులో బాగున్న ఇంజన్‌ను ఆపేశాడు. 43 మంది చనిపోయారు.

ఇవి విన్నాక నాయిన ఒక రోజు విరిగిన నాడె ముక్క తెచ్చి ఫ్లాప్ లీవర్ చోట బిగించాడు. "చెయ్యికి తెల్వాలె గదా బిడ్డా" అన్నాడు. నిజం విమానంలో కూడా ఆ పిడి ఆకారం వేరేగానే ఉంటుందని, అయినా చెయ్యి తప్పిందని చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. "మరి చెయ్యిని నమ్మొద్దు, కంటితో చూసి నోటితో చెప్పి అప్పుడు ముట్టుకో" అన్నాడు. తర్వాత ట్రైనింగ్‌లో మాకు మొదటి రోజుల్లో చెప్పింది అచ్చంగా ఇదే. ముఖ్యమైన లీవర్ మీద చెయ్యి పెట్టి, అది ఏదో పైకి చెప్పి, పక్కవాళ్ళు చూసి సరే అన్నాకే కదపాలి.

పక్కవాళ్ళు కావాలి కాబట్టి మా అమ్మ కో-పైలట్ అయ్యింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను కార్డుల మీద అన్నీ తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చాను. చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, బీడీ చుడుతూ, కార్డు మోకాలి కింద పెట్టుకుని అడిగేది. "ఇంజన్ మంట, ఎగురుతున్నప్పుడు" అనగానే నేను మొదలుపెట్టాలి. ఆ ఇంజన్ పవర్ లీవర్ వెనక్కి. కండిషన్ లీవర్ ముందు ఫెదర్, తర్వాత ఇంధనం బంద్. ఫైర్ హ్యాండిల్ లాగు. 10 సెకన్లు ఆగి మొదటి మందు సీసా వదులు. 30 సెకన్ల తర్వాత కూడా ఎర్ర లైటు ఉంటే రెండోది.

రెండు వారాలకు అమ్మకు కార్డు అవసరం లేకపోయింది. నేను గడగడా చెప్పేస్తుంటే చేతిలో బీడీ ఆపకుండానే, "ఆగు. పది లెక్కపెట్టినవా?" అనేది. నేను "పది సెకన్లు" అని నోటితో అనేసి ముందుకు పోయేదాన్ని. అమ్మ ఒప్పుకునేది కాదు. "పది అనుడు వేరు, పది లెక్కపెట్టుడు వేరు. వెయ్యి బీడీలు అన్నంత మాత్రాన వెయ్యి అయితయా?" అని మొదటి నుంచి చెప్పించేది. ఒక్కోసారి కోపమొచ్చి లేచి పోయేదాన్ని. అమ్మ కార్డు అట్లనే మోకాలి కింద పెట్టుకుని కూర్చునేది. మళ్ళీ వచ్చి కూర్చోక తప్పేది కాదు.

చదువు ఒక ఎత్తు, కాగితాలు ఒక ఎత్తు. ఇది మనవాళ్ళు జాగ్రత్తగా వినాలి. మన ఇంటిపేర్లు మరాఠీ బడిలో ఒక తీరు రాస్తారు, ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు. నా పదో తరగతి కాగితంలో ఇంటిపేరుకు ఒక అక్షరం ఎక్కువ ఉంది. విమానాశ్రయంలోపలికి పోయే పాసుకు పోలీసు విచారణ ఉంటుంది, అక్కడ ఆ ఒక్క అక్షరం పట్టుకుంటారు. అఫిడవిట్, గెజిట్ అంటూ తిరగడానికి నాకు 12 రోజులు పోయాయి. పిల్లలు పదో తరగతిలో ఉన్నప్పుడే పేర్లు సరిచేయించండి. ఇంకొకటి, ఫ్లయింగ్ స్కూలుకు రూపాయి కట్టే ముందు మెడికల్ చేయించాలి. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉందని లక్షలు కట్టాక తెలిస్తే ఆ బాధ చెప్పలేం. కంపెనీ బాండ్ మీద సంతకం పెట్టే ముందు తెలిసిన వకీలుకు చూపించండి. ఎన్నేళ్ళు ఉండాలి, ట్రైనింగ్‌లో ఫెయిల్ అయితే ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఈ మూడూ అడగాలి. పైలట్ నౌకరి ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంటును గడప తొక్కనీయొద్దు.

ట్రైనింగ్ మొదలయ్యాక క్లాసులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. విమానం సంగతులే కాదు, ప్రమాదకరమైన సామాను ఎట్లా గుర్తుపట్టాలి, పొగలో జనాన్ని ఎట్లా దింపాలి, పెద్ద కెప్టెన్ తప్పు చేస్తుంటే చిన్నవాళ్ళు నోరు తెరిచి ఎట్లా చెప్పాలి, అన్నీ ఉంటాయి. ఆ చివరిది నాకు అన్నిటికంటే కష్టమైంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పొద్దని పెంచారు మనల్ని. ఇక్కడ చెప్పకపోతే మార్కులు కోస్తారు. లెక్కలు, స్విచ్‌లు ముందే నోటికి వచ్చి ఉండటం వల్ల రాత్రిళ్ళు కొంచెం నిద్ర దొరికింది. రాని వాళ్ళకు అది కూడా దొరకలేదు.

ఢిల్లీ పక్కన సిమ్యులేటర్. ఆరు కాళ్ళ మీద ఊగే పెద్ద డబ్బా, లోపల అచ్చంగా కాక్‌పిట్. నాలుగు గంటల పాఠం, ఇద్దరం చెరో రెండు గంటలు నడపాలి. ఇంజన్ మంట పాఠం వచ్చిన రోజు నా గొంతు ఎండిపోయింది. అయినా చెయ్యి లీవర్ మీద పెట్టి, పేరు చెప్పి, పక్క అబ్బాయి సరే అన్నాకే కదిపాను. హ్యాండిల్ లాగి పది లెక్కపెట్టాను, పైకే, తెలుగులో. ట్రైనర్ ఏం భాష అని అడిగాడు.

అది బాగానే అయ్యింది కానీ అడ్డగాలిలో దిగడం రాలేదు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కాళ్ళ కింది రడ్డర్ ఆలస్యంగా తొక్కుతున్నానని రాసి ఒక పాఠం అదనంగా వేశారు. గోడ మీది ఫ్లెక్స్‌కు రడ్డర్ లేదు, గాలి లేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచలేదు. చెప్పాను. నాయిన బ్యాంకు మాట ఎత్తలేదు. "కొత్త మగ్గం మీద నాకు నెల దాకా పోగులు తెగినయి" అని మాత్రం అన్నాడు. అదనపు పాఠంలో నాకు తెలిసింది ఒక్కటే, నేను రన్‌వే మొదలు వైపు చూస్తున్నాను, చూడాల్సింది దూరంగా చివర. చూపు మార్చాక కాళ్ళు వాటంతట అవే కదిలాయి. ఎగ్జామినర్ పరీక్ష మొదటిసారికే పాసయ్యాను.

తర్వాత జనం లేని ఖాళీ విమానంలో లేవడం, దిగడం. ఆ తర్వాత కొన్నాళ్ళు కాక్‌పిట్‌లో వెనక చిన్న సీట్లో కూర్చుని చూడటం. ఇప్పుడు ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని జనంతోనే నడుపుతున్నాను. వచ్చే నెల లైన్ చెక్ ఉంది. అది కూడా అయితేనే మామూలు కెప్టెన్ల పక్కన డ్యూటీ వేస్తారు.

మొన్న సెలవుకు ఇంటికి పోతే గోడ ఖాళీగా ఉంది. రెండు గల్లీల అవతల ఒక అబ్బాయికి లెటర్ వచ్చిందట, ఫ్లెక్స్ వాళ్ళు తీసుకుపోయారు. కండెల చెక్క కూడా. సాయంత్రం ఏడు గంటలకు అమ్మ చాట తీసుకుని వాళ్ళింటికి పోతుంది.