గోడకెన్ని గాలన్లు?

మన సభ్యుల్లో అపార్టుమెంటు వదిలి సొంత ఇంటికి మారేవారు ప్రతి వేసవికీ కొందరుంటారు. పాలు పొంగించి, గృహప్రవేశం భోజనాలు అయ్యాక తరువాతి కార్యక్రమం రంగులు. మన ఊళ్ళో అయితే మేస్త్రీ గోడల వంక ఒక చూపు చూసి "ఇన్ని డబ్బాలు పడతాయండీ" అనేవాడు, మనం తలూపేవాళ్ళం. అమెరికాలో మేస్త్రీ, కూలీ, యజమానీ అన్నీ మనమే కనుక లెక్క కూడా మనమే వేసుకోవాలి. డాక్టరుకి రంగుల గోలేమిటని నవ్వకండి. బరువు చూడకుండా పిల్లవాడికి మందు రాయం కదా, గోడకీ అంతే. పైగా ఇందులో అసలైన డాక్టరు పని కూడా కొంత ఉంది. అది కాసేపట్లో చెబుతాను.

ఒక గాలను రంగు నున్నటి గోడమీద సుమారు 350 నుంచి 400 చదరపు అడుగులకు వస్తుంది. అలవాటు లేని చేతుల్లో రోలరు ఎక్కువ తాగుతుంది కాబట్టి నేను 350 అనే పట్టుకుంటాను. పడకగది 14 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకోండి. చుట్టుకొలత 52 అడుగులు. ఎత్తుతో హెచ్చిస్తే 416. తలుపుకి 20, రెండు కిటికీలకు 15 చొప్పున 30 తీసేస్తే 366 మిగులుతుంది. రెండు పూతలకు 732. దాన్ని 350తో భాగిస్తే రెండు గాలన్లకు కాస్త పైన. రెండు గాలన్లూ ఒక క్వార్టూ చాలు. సీలింగు 168 చదరపు అడుగులు, ఒక్క పూతకి అర గాలను.

కొత్త డ్రైవాల్ రంగుని పీల్చేస్తుంది, ముందు ప్రైమరు పడాలి. గరుకు గోడ కూడా ఎక్కువే తాగుతుంది. ముదురు ఎరుపు మీద తెలుపు వేయాలంటే మూడో పూతకి సిద్ధపడండి.

మన వంటిళ్ళ సంగతి ప్రత్యేకం. పోపు పొగ జిడ్డుగా గోడకి పట్టి ఉంటుంది, దానిమీద ఏ రంగూ నిలవదు. సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో తుడిచి, బాగా ఆరాక, పసుపు మరకలున్నచోట మరకల్ని ఆపే ప్రైమరు వేయండి. దేవుడి మూల దీపం మసికీ అదే మందు. లేకపోతే ఎన్ని పూతలు వేసినా మరక తొంగి చూస్తూనే ఉంటుంది, అప్పుడు లెక్క తప్పని నన్ను తిడతారు.

ఇప్పుడు డాక్టరు మాట. టేపు తీసేముందు ఇల్లు ఎప్పుడు కట్టారో చూడండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని ఈ దేశంలో 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో, మరీ పాతదైతే ఇంకానూ, అడుగు పొరల్లో సీసం ఉండవచ్చు. పొర గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంటే దాని జోలికి పోకుండా పైన కొత్త పూత వేయవచ్చు. పెచ్చులూడుతున్నా, కిటికీ చట్రం ఎత్తి దించినప్పుడల్లా రాచుకుని పొడి రాలుతున్నా ప్రమాదమే. ఆ దుమ్ము నేలమీద పడుతుంది, పాకే పిల్లవాడి చేతికి అంటుతుంది, చెయ్యి నోట్లోకి పోతుంది. పెద్దల ఒంటికన్నా పిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది, రక్తంలో ఇనుము తక్కువైతే మరీను. ఎదిగే మెదడుకి ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల హద్దు లేదు. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనబడదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే ఇల్లంతా వెతకాలని 2021 నుంచి సీడీసీ లెక్క. గర్భిణి ఒంట్లోని సీసం బిడ్డకీ చేరుతుంది.

కాబట్టి పాత ఇంట్లో ఉత్సాహంగా గరుకు కాగితం పట్టుకుని పొడిగా గీకవద్దు, మంటతో కాల్చవద్దు. ముందు రంగుముక్కని లేబొరేటరీకి పంపి పరీక్ష చేయించండి. సీసం ఉంటే పనిని సర్టిఫికెట్టున్న కంట్రాక్టరుకే అప్పగించండి. అలాంటి పనికి డబ్బు తీసుకునేవారికి 2010 నుంచి ఆ సర్టిఫికెట్టు తప్పనిసరి. సొంత ఇంట్లో తామే చేసుకునేవారికి ఆ నిబంధన వర్తించదు గాని, దుమ్ముకి ఆ తేడా తెలియదు. పని జరిగే రోజుల్లో గర్భిణులు, పిల్లలు వేరేచోట ఉండటం మేలు. ఊరి ఇంటికి రంగు వేయించేవారికి ఒక మాట: ఇండియాలో 90 పీపీఎం హద్దు అమలులోకి వచ్చింది 2017లో, అక్కడి పాత గోడల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

రంగు కొనేటప్పుడు ఒక గదికి కావలసిందంతా ఒకేసారి కొని, పెద్ద బకెట్టులో కలిపేయండి. డబ్బాకీ డబ్బాకీ ఛాయలో స్వల్ప తేడా ఉంటే గోడ మధ్యలో గీత కనబడుతుంది. మిగిలినదాని మూతమీద గది పేరు, రంగు నంబరు, తేదీ రాసి బేస్‌మెంటులో పెట్టండి. గరాజులో వదిలితే జనవరి చలికి గడ్డకట్టి, విరిగిన పాలలా అవుతుంది.