చలికాలంలో ఏసీతో గది వెచ్చబెడితే ఖర్చెంత? లక్ష్మీ నగర్ ఇళ్ల కరెంటు లెక్క

డిసెంబరు మూడో వారం దాటిందంటే తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ సందుల్లో ఎండ పొడ కనిపించడమే గగనం. నాలుగైదు అంతస్తుల భవనాలను గోడకు గోడ ఆనించి కట్టడం వల్ల కింది గదులకు మధ్యాహ్నం పూట కూడా వెచ్చదనం అందదు. సీఏ కోచింగ్ కోసం తెలుగు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకునే విద్యార్థులకు ఈ చలి కొత్త. జనవరిలో హైదరాబాద్ రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, ఢిల్లీలో అది 7, 8 డిగ్రీలకు దిగుతుంది.

చలి ముదరగానే చాలామంది చేసే పని బజారుకు వెళ్లి 2,000 వాట్ల రూమ్ హీటరు తెచ్చుకోవడం. గోడ మీద ఉన్న ఏసీ వైపు ఎవరి చూపూ పోదు. కొన్ని ఏసీల రిమోట్‌పై సూర్యుడి గుర్తుతో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే అదే యంత్రం వేడి గాలి ఇస్తుంది. వేసవి బిల్లులు గుర్తుకొచ్చి ఆ మీట జోలికి పోనివారే ఎక్కువ. అయితే గది మొత్తాన్ని వెచ్చబెట్టాలనుకునేవారి విషయంలో ఈ భయం తలకిందుల భయం. అక్కడ బిల్లును పెంచేది హీటరే. ఆ తేడా ఎంతన్నది మాత్రం యంత్రం ఒక్కటే తేల్చదు, మీటరు ఏ స్లాబులో ఆగిందన్నది కూడా తేలుస్తుంది.

చల్లని గాలిలో వేడి ఎక్కడిది?

ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. లోపలి పదార్థాల నుంచి తీసిన వేడిని అది బయటికి వదులుతోందన్నమాట. వేసవిలో ఏసీ చేసేదీ ఇదే. చలికాలంలో ఈ దిశను మారిస్తే బయటి గాలిలోని వేడి గదిలోకి వస్తుంది. ఈ పద్ధతిలో పనిచేసే యంత్రాన్ని హీట్ పంపు అంటారు. మన దుకాణాల్లో దాని పేరు ‘హాట్ అండ్ కోల్డ్ ఏసీ’.

ఏడు డిగ్రీల గాలి మనకు చలి పుట్టిస్తుంది గానీ యంత్రంలోని ద్రవానికి అది వెచ్చనిదే. నేటి ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్-32 అనే శీతలీకరణ ద్రవం సాధారణ వాతావరణ పీడనంలో సుమారు మైనస్ 52 డిగ్రీల వద్దే మరిగిపోతుంది. బయటి యూనిట్‌లో అది తక్కువ పీడనంలో ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. గదిలోని యూనిట్‌కు చేరి మళ్లీ ద్రవంగా మారేటప్పుడు ఆ వేడినంతా అది గదిలో వదిలేస్తుంది. స్కాట్లండ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, ఈ ఆలోచనను 1852లోనే ప్రతిపాదించారు. మనకన్నా ఎన్నో రెట్లు చలి ఉండే నార్వేలో నేడు సగానికి పైగా ఇళ్లలో హీట్ పంపులు ఉన్నాయి.

ఖర్చు విషయంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. హీటరు కరెంటును వేడిగా మారుస్తుంది కాబట్టి ఒక యూనిట్ తీసుకుంటే ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. కడ్డీ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా, ఖరీదైన ఆయిల్ హీటరైనా సూత్రం ఒక్కటే. ఆయిల్ హీటరు తక్కువ కరెంటు తింటుందని దుకాణదారు చెప్పే మాటలో పస లేదు. ఆపేశాక కాసేపు వెచ్చగా ఉంటుంది, అంతే. హీట్ పంపు వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. మోత కూలి మాత్రమే మీటరులో పడుతుంది. బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడు మంచి యంత్రం ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని లోపలికి తెస్తుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం వేడి సామర్థ్యాన్ని పరీక్షించేదీ బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడే. అంటే ఢిల్లీ జనవరి రాత్రికీ ఆ పరీక్షగదికీ పెద్ద తేడా లేదు.

మీటరు చెప్పే లెక్క

రోజుకు ఐదు గంటలు, నెలకు ముప్పై రోజులు గది వెచ్చబెట్టాలనుకుందాం. రెండు కిలోవాట్ల హీటరు ఆపకుండా నడిస్తే రోజుకు 10 యూనిట్లు, నెలకు 300 యూనిట్లు. అంతే వేడిని సీఓపీ 3 ఉన్న ఏసీ 100 యూనిట్లతో ఇస్తుంది. ఇంతవరకు లెక్క సులువు: ఖర్చులో మూడో వంతు.

ఢిల్లీ బిల్లు మాత్రం ఇంత సాఫీగా సాగదు. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2021-22 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ 3 రూపాయలు, 201 నుంచి 400 వరకు నాలుగున్నర, 401 నుంచి 800 వరకు ఆరున్నర రూపాయలు. దీనిపై 2019 ఆగస్టు నుంచి ఢిల్లీ ప్రభుత్వ రాయితీ ఉంది. నెలకు 200 యూనిట్లలోపు వాడితే బిల్లు సున్నా. 201 నుంచి 400 మధ్య ఉంటే సగం మాఫీ, గరిష్ఠంగా 800 రూపాయలు. 400 దాటితే రాయితీ మొత్తం పోతుంది. 2022 అక్టోబరు నుంచి దీన్ని కోరి దరఖాస్తు చేసుకున్నవారికే ఇస్తున్నారు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల గీతను చూసినవారికి ఈ గీతల మహిమ వేరే చెప్పనక్కరలేదు. కింది లెక్కల్లో కేవలం యూనిట్ల ధరనే తీసుకుంటున్నాం. స్థిర ఛార్జీలు, సర్‌ఛార్జీలు, విద్యుత్ పన్ను వీటికి అదనం. ఇంధన వ్యయ సర్దుబాటు ఛార్జీ ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి దాన్ని తాజా బిల్లులోనే చూసుకోవాలి.

చలికాలంలో గీజరు, ఫ్రిజ్, దీపాలతో 180 యూనిట్లు వాడే చిన్న కుటుంబాన్ని తీసుకుందాం. వారి బిల్లు సున్నా. హీటరు తోడైతే వాడకం 480 యూనిట్లవుతుంది, రాయితీ పోతుంది, బిల్లు 2,020 రూపాయలు. ఏసీతో అయితే 280 యూనిట్లు. 960 రూపాయల్లో సగం పోగా 480. తేడా మూడు రెట్లు కాదు, నాలుగు రెట్లు దాటింది.

ఇప్పటికే 320 యూనిట్లు వాడుతున్న ఇల్లు మరింత ఆసక్తికరం. రాయితీ పోగా వారు కట్టేది 570 రూపాయలు. ఏసీతో రోజూ ఐదు గంటలు గది వెచ్చబెడితే వాడకం 420కి చేరి, గీత దాటి, బిల్లు 1,630 అవుతుంది. అదే రోజుకు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటే 80 యూనిట్లే కలుస్తాయి. మీటరు సరిగ్గా 400 వద్ద ఆగుతుంది, బిల్లు 750. రోజుకు ఆ ఒక్క గంట వెచ్చదనం నెలకు 880 రూపాయలు మింగిందన్నమాట! అందుకే ఈ స్థితిలో ఉన్న ఇళ్లవారు నెల ఇరవయ్యో తేదీ నాటికి ఒకసారి మీటరు చూసుకోవడం ఏ స్టార్ రేటింగుకన్నా ఎక్కువ ఆదా చేస్తుంది.

ఇక 450 యూనిట్లు దాటిన పెద్ద కుటుంబానికి గీతల బెడద లేదు. హీటరుకు అదనంగా 1,950, ఏసీకి 650.

అద్దెదారుల సంగతి వేరు. చాలాచోట్ల యజమాని సబ్‌మీటరు పెట్టి, యూనిట్‌కు ఇంత అని ఒకే ధర వసూలు చేస్తాడు. యూనిట్ 9 రూపాయలనుకుంటే హీటరుకు 2,700, ఏసీకి 900. రాయితీ ఊసే ఉండదు. అద్దెదారులు తమ పేరిట ప్రీపెయిడ్ మీటరు తీసుకుని ఈ రాయితీ పొందేందుకు 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. అద్దె ఒప్పందం లేదా అద్దె రసీదు ఉండాలి. లక్ష్మీ నగర్‌కు విద్యుత్ సరఫరా చేసేది బీఎస్ఈఎస్ యమునా పవర్ లిమిటెడ్ కాబట్టి దరఖాస్తు అక్కడే చేసుకోవాలి.

కొనవచ్చా?

వేడి కోసమే కొత్త ఏసీ కొనడం దండగ. ఢిల్లీలో గది వెచ్చబెట్టాల్సిన చలి గట్టిగా రెండు నెలలు. పై పెద్ద కుటుంబానికి ఏడాదికి మిగిలేది 2,600 రూపాయలు. ఏసీ ధర నలభై వేలనుకుంటే ఆ ఆదాతో అది తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి యంత్రమే ఉండకపోవచ్చు. ఎలాగూ వేసవికి ఏసీ కొనబోతున్నవారు మాత్రం, హాట్ అండ్ కోల్డ్ రకానికి అదనంగా పెట్టే ధరను ఈ ఆదాతో పోల్చి చూసుకోవాలి. ఆ తేడా ఎనిమిది వేలైతే మూడేళ్లకు కాస్త పైబడి చేతికొస్తుంది.

కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఏసీ మీద అతికించే నక్షత్రాల చీటీ చల్లదనానికి సంబంధించినదే. ఇంధన సామర్థ్య బ్యూరో ఆ రేటింగును లెక్కించేది 24 నుంచి 43 డిగ్రీల మధ్య బయటి ఉష్ణోగ్రతలకు. ఐదు నక్షత్రాలున్నంత మాత్రాన వేడి ఇవ్వడంలోనూ పొదుపు అనుకోవడానికి లేదు. సాంకేతిక వివరాల పట్టికలో వేడి సామర్థ్యం ఎన్ని వాట్లో, అందుకు తీసుకునే కరెంటు ఎన్ని వాట్లో ఇస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సీఓపీ వస్తుంది. 5,000 వాట్ల వేడికి 1,500 వాట్లు తీసుకుంటే 3.3. ఆ రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉంటే లోపల ఉన్నది మామూలు హీటరు కడ్డీయే.

ఒంటరిగా బల్ల ముందు కూర్చుని చదువుకునే విద్యార్థికి మాత్రం ఇవేవీ అక్కరలేదు. 400 వాట్ల హాలోజన్ హీటరు గదిని కాకుండా ఎదుట ఉన్న మనిషిని వెచ్చబరుస్తుంది. ఐదు గంటలకు 2 యూనిట్లు, నెలకు 60. ఏసీ కన్నా తక్కువే. వంద వాట్ల విద్యుత్ దుప్పటి ఎనిమిది గంటలు నడిచినా ఒక్క యూనిట్ కాదు. కాలే ఖర్చే లేదనిపించే కుంపటిని మాత్రం తలుపులు మూసిన గదిలోకి తేకూడదు. ఇక్కడ అంగీఠీ అనే ఆ బొగ్గుల కుంపటి వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీసిన ఉదంతాలు ఢిల్లీ శీతాకాలంలో మళ్లీ మళ్లీ వింటూనే ఉన్నాం.

సీఓపీని తినేసేవి

లక్ష్మీ నగర్ వంటి ఇరుకు ప్రాంతాల్లో బయటి యూనిట్లను తరచూ భవనాల మధ్య షాఫ్టులో బిగిస్తారు. చలికాలంలో ఆ యూనిట్ నుంచి వెలువడేది చల్లని గాలి. షాఫ్టులో అది కదలక అక్కడే పేరుకుంటే, యంత్రం తాను చల్లబరచిన గాలి నుంచే మళ్లీ వేడి పిండుకోవాల్సి వస్తుంది. నాలుగు యూనిట్లు ఒకే షాఫ్టులో ఉంటే చెప్పనే అక్కరలేదు. వీలైతే డాబా మీదికి లేదా వీధి వైపు గోడకు మార్చుకోవడం మేలు. నవంబరు దుమ్ము, పొగ పట్టి రెక్కలు మూసుకుపోతాయి కాబట్టి చలి మొదలయ్యేలోపు వాటిని నీళ్లతో కడిగించాలి.

ఏసీ పైన ఉంటుంది, వేడి గాలి పైకి పోతుంది. అందుకే గాలి తెరలను పూర్తిగా కిందికి వంచి, ఫ్యాను కాస్త వేగంగా పెట్టాలి. ఉష్ణోగ్రత 20 నుంచి 22 చాలు. 28 పెట్టినంత మాత్రాన గది త్వరగా వెచ్చబడదు, బిల్లే పెరుగుతుంది. తలుపు కింది సందును పాత గుడ్డతో మూస్తే పోయే వేడి తగ్గుతుంది. అయితే ఏసీ బయటి గాలిని లోపలికి తేదు కనుక, పగలు ఒకసారి కిటికీ తెరవాల్సిందే.

మంచు దట్టంగా కురిసే రాత్రుల్లో బయటి యూనిట్ తీగచుట్ట మీద తేమ గడ్డకట్టి తెల్లగా పేరుకుంటుంది. అది కరిగించుకోవడానికి యంత్రం కొద్ది నిమిషాలు వేడి గాలి ఆపేసి, దిశ మార్చుకుంటుంది. లోపల ఫ్యాను నిలిచిపోతుంది, బయటి యూనిట్ నుంచి ఆవిరి లేస్తుంది, కింద నీళ్లు కారుతాయి. అది యంత్రం తన పని తాను చేసుకోవడమే. మెకానిక్‌ను పిలవనక్కరలేదు, కాసేపటికి వేడి గాలి మళ్లీ మొదలవుతుంది.