బండికి జ్వరం వస్తే

నలభై దాటాక మోటార్ సైకిల్ కొన్నవాడి గురించి మన వాళ్ళ పార్టీల్లో ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. మొదట మా ఆవిడే అంది, మిగతావాళ్ళు తర్వాత అన్నారు. ఫీనిక్స్‌లో బండి నడపడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. నేను కొన్నది 2023 మే నెలలో. దీన్నిబట్టి నా తెలివితేటలు మీకు అర్థమయ్యే ఉంటాయి.

ఆ వేసవి ఇక్కడున్న వారెవరూ మర్చిపోరు. జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. అంటే మన లెక్కలో 43 సెల్సియస్ పైమాటే. మా ప్రకాశం జిల్లా రోహిణీకార్తె నెలరోజులు ఆగకుండా కాసినట్టు.

నాది సెకండ్ హ్యాండ్ బండి. 650 సీసీ, రెండు సిలిండర్లు, నీళ్ళతో చల్లబడే ఇంజను. చిన్నప్పుడు మన ఊళ్ళలో తిరిగిన రాజ్‌దూత్, బుల్లెట్ వగైరాలకు ఈ నీళ్ళ గొడవ ఉండేది కాదు. ఇంజను చుట్టూ రేకులు, వాటి మధ్య నుంచి గాలి, అంతే. 2008లో యమహా ఆర్15 వచ్చేదాకా మన వీధుల్లో రేడియేటర్ ఉన్న బండి కనబడటమే అరుదు. నా బండికి రేడియేటర్ ఉంది, దాని వెనక ఫ్యాను ఉంది, కానీ లోపల నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పే గేజు లేదు. డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం మాత్రం ఉంది. అది సుమారు 120 డిగ్రీల దగ్గర వెలుగుతుంది.

ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం. అర్ధరాత్రి మూడింటికి ఫోన్ మోగి "సిస్టం డౌన్" అని చెబితే దాన్ని మేము పర్యవేక్షణ అనం, చావు కబురు అంటాం. ఈ ఎర్ర దీపం నాకు అచ్చం అలాగే అనిపించింది. జూలైలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మూడు సిగ్నళ్ళు వరసగా ఎరుపు పడ్డాయి. మూడోదాని దగ్గర ఆ దీపం కూడా ఎర్రబడి, రెండు సెకన్లు వెలిగి ఆరిపోయింది. అంతకు ముందు ఏం జరిగింది? ఎంతసేపటి నుంచి వేడెక్కుతోంది? ఏమీ తెలియదు. ఇంటికొచ్చి గేజు పెట్టుకోవాల్సిందేనని తీర్మానించాను.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, లెక్కలు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కూలెంట్ అంటే నీళ్ళూ, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం. మామూలు గాలి ఒత్తిడిలో అది సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కానీ రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది. అది లోపల 16 పీఎస్‌ఐ దాకా అదనపు ఒత్తిడి నిలబెడుతుంది కాబట్టి మరిగే స్థానం సుమారు 130కి పోతుంది. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. అందుకే 105 చూసి కంగారు పడక్కర్లేదు, నా బండిలో ఫ్యాను తిరగడం మొదలయ్యేదే అక్కడ. 120 దాటితే మాత్రం భయపడాలి. అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకర పోయిందా, గ్యాస్కెట్ పోతుంది, ఆ రిపేరు బిల్లు నేను బండి కొన్న ధరకి దగ్గరగా వస్తుంది.

గేజు కొనుక్కోవచ్చు. కానీ మాస్టర్స్ చేసిన వాడిని, సొంతంగా తయారు చెయ్యకపోతే ఎలా? ఒక ఆర్డ్యునో బోర్డు, చిన్న తెర, ఒక థర్మిస్టర్ సెన్సార్ తెప్పించాను. వేడి పెరిగేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గే చిన్న పూస అది. ఐసు నీళ్ళలో ముంచి సున్నా, మరిగే నీళ్ళలో ముంచి దాదాపు 99 అని సరిచూశాను. ఫీనిక్స్ సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తు కాబట్టి ఇక్కడ నూరుకి కాస్త ముందే మరుగుతాయి. ఇందుకు వాడింది మా ఇంటి పాలగిన్నె. అది మళ్ళీ వంటింట్లోకి వెళ్ళలేదు.

సెన్సార్‌ని నీళ్ళలో పెట్టాలంటే ఇంజను నుంచి రేడియేటర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని మధ్యలో కోసి, అల్యూమినియం ముక్క ఒకటి ఇరికించి, రెండు వైపులా క్లాంపులు బిగించాలి. గరాజ్‌లో ఆ పనిలో ఉండగా నాన్న వచ్చి నిలబడ్డారు. అమ్మా నాన్నా ఆ ఏడాది మే నెలలోనే వచ్చారు. నాన్న ముప్ఫై ఏళ్ళు మార్కాపురం చుట్టుపక్కల బస్సు నడిపిన మనిషి. అందులో ఎక్కువ కాలం దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు మీదే.

"బాగున్న గొట్టాన్ని ఎందుకురా కోశావు?" అన్నారు.

నేను గ్రాఫులు, అలారాలు, అన్నీ వివరించాను. శ్రద్ధగా విని, ఆ అల్యూమినియం ముక్కని వేళ్ళతో తడిమి చూసి, "నీళ్ళు లేకపోతే ఇది ఎంత చూపిస్తుందిరా?" అని అడిగారు.

"నీళ్ళు ఎందుకుండవు నాన్నా?" అన్నాను. ఆయన ఇంకేం అనకుండా లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

మొదటి రెండు వారాలు పండగే. పొద్దున్న స్టార్ట్ చేస్తే నంబరు చాలాసేపు 38 దగ్గరే కూర్చునేది, తర్వాత ఒక్కసారిగా 80కి ఎగిరేది. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడి నీళ్ళు ఈ గొట్టంలోకి రావు కదా. ఫ్రీవే మీద 65 మైళ్ళ వేగంలో 86 నుంచి 90. సిగ్నల్ దగ్గర ఆగితే ఎక్కడం మొదలు. 105 దగ్గర ఫ్యాను లేస్తుంది. గాలి 30 డిగ్రీలున్న రోజైతే కాసేపట్లో నూరుకి దించుతుంది. జూలైలో దించేది కాదు, 108, 110 దగ్గర వేలాడేది. తప్పు ఫ్యానుది కాదు. నూరు డిగ్రీల రేడియేటర్‌కీ 30 డిగ్రీల గాలికీ తేడా 70. గాలే 46 అయితే తేడా 54. చల్లబరిచే శక్తిలో దాదాపు నాలుగో వంతు అక్కడే పోయింది. ప్రతి ప్రయాణాన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. 112 దాటితే తెర నారింజ రంగులో మినుకుమనేలా రాశాను.

ఆగస్టులో ఒక శనివారం అందరం ఫ్లాగ్‌స్టాఫ్ బయల్దేరాం. అక్కడ ఎత్తు దాదాపు 7,000 అడుగులు, చల్లగా ఉంటుంది. మా ఆవిడ కారులో అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకొస్తుంది, నేను ముందు బండి మీద. ఎండ ముదరక ముందే ఐదింటికి బయల్దేరాలని పథకం. పులిహోర కలిపి, డబ్బాలు సర్ది, ఎవరో చార్జర్ మర్చిపోయి వెనక్కి వెళ్ళి, చివరికి తొమ్మిదిన్నర అయింది. ఇది మన జాతి లక్షణం, దీని గురించి మరో వ్యాసం రాయొచ్చు.

ఐ-17 మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే అసలు ఎక్కుడు మొదలవుతుంది. వేసవిలో అక్కడ బానెట్లు ఎత్తుకుని పక్కన ఆగిన కార్లు మామూలు దృశ్యమే. నా తెర మీద 93, 97, 101. పర్లేదు, ఎక్కుడు కదా. 104. తర్వాత 102. 97. 91. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎత్తుకి వచ్చాం, గాలి చల్లబడింది, రేడియేటర్ బాగా పనిచేస్తోంది అనుకున్నాను. 88.

అప్పుడు ముక్కుకి తియ్యటి వాసన తగిలింది, బెల్లం పాకం కాస్త మాడినట్టు. కుడి కాలి బూటు తడిగా మెరుస్తోంది. రోడ్డు ఏటవాలు తగ్గలేదు, థ్రాటిల్ నేను తగ్గించలేదు, గాలి మొహాన్ని ఇంకా కాలుస్తూనే ఉంది. మరి నంబరు ఎందుకు దిగుతోంది? నాన్న ప్రశ్న అక్కడ గుర్తొచ్చింది. సెన్సార్ ఇప్పుడు నీళ్ళలో లేదు. ఖాళీ గొట్టంలో ఆవిరినీ గాలినీ కొలుస్తోంది.

అదృష్టవశాత్తు ఎదురుగానే 248వ ఎగ్జిట్, బంబుల్ బీ రోడ్డు. దిగి, ఇంజను ఆపేశాను. ఆపిన తర్వాత కూడా లోపల లోహం టిక్ టిక్ మంటూనే ఉంది. తెర మీద 79. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. దాని సెన్సార్ కూడా బహుశా అప్పటికే గాలిలో ఉండుంటుంది.

పది నిమిషాల్లో కారు వచ్చింది. నాన్న దిగి ఇంజను దగ్గరకి అరచెయ్యి తీసుకెళ్ళి, ఆనించకుండానే వెనక్కి లాక్కున్నారు. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే గట్టిగా కసిరారు, చిన్నప్పటి తర్వాత అంత గట్టిగా కసరడం అదే. "మొహం కాలిపోద్దిరా! గంట దాకా దాన్ని ముట్టుకోకు. చన్నీళ్ళు కూడా పొయ్యొద్దు, హెడ్డు పగులుద్ది."

అక్కడ నీడ లేదు. అందరం కారులో ఏసీ వేసుకుని పులిహోర తిన్నాం. అప్పుడు చెప్పారు నాన్న. ఘాట్ ఎక్కుతుంటే ఒకసారి సూది పైకి పోయి, తర్వాత తనంతట తనే కిందికి దిగిందట. క్లీనరు కుర్రాడు "చల్లబడింది సార్" అన్నాడట. నాన్న అప్పటికప్పుడే బస్సు ఆపేశారు. కింద గొట్టం పగిలి రేడియేటర్ మొత్తం ఖాళీ. "ఎక్కుడు మీద సూది దిగితే నేను భయపడేవాణ్ణి" అన్నారు.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా నాన్నా?"

"అడిగాను కదరా."

నా దగ్గర జవాబు లేదు. మా వృత్తిలో ఇది తెలియని విషయం కాదు. ఎప్పుడో ఒక క్లయింటు దగ్గర, పర్యవేక్షణ కోసం మేము పెట్టిన ప్రోగ్రామే లాగులు రాసి రాసి డిస్కు నింపేసి సర్వర్‌ని పడగొట్టింది. అంతసేపూ బోర్డు మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకంటే లెక్కలు పంపాల్సిన ప్రోగ్రామే చచ్చిపోయింది. పాత లెక్కలనే చూస్తూ కూర్చున్నాం. ఆ పాఠం మీద నేను కుర్రాళ్ళకి క్లాసులు కూడా చెప్పాను.

గంటంపావు తర్వాత చూస్తే, లీకైంది నేను బిగించిన క్లాంపు దగ్గరే. కొత్త గొట్టం నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక మెత్తబడి కుదురుకుంటుంది, అప్పుడు క్లాంపుని మళ్ళీ బిగించాలి. నేను బిగించలేదు. పైగా నేను కొన్న ఆ ముక్క అంచున, గొట్టం జారకుండా పట్టే ఉబ్బు లేదు. గొట్టం పావు అంగుళం జారింది. స్క్రూడ్రైవర్‌తో బిగించి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోస్తే లీటరున్నర పట్టింది. స్టార్ట్ చేశాక నాన్న మూత తీసిన రేడియేటర్ నోట్లోకి చాలాసేపు చూశారు. గ్యాస్కెట్ పోతే అక్కడ బుడగలు ఆగకుండా వస్తాయట. మొదట్లో లోపలి గాలి తాలూకు నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి. వెనక తెల్లపొగ లేదు. వెనక్కి తిరిగి, పల్లంలో మెల్లగా ఇల్లు చేరాం. పిల్లలు ఫ్లాగ్‌స్టాఫ్ చూడలేదు. మా ఆవిడ ఆ సాయంత్రం దాకా ఏమీ అనలేదు. ఇంజను హెడ్ ఆ రోజు నిజంగా ఎంత వేడెక్కిందో నా స్ప్రెడ్‌షీట్‌లో లేదు.

తర్వాత వారం ఆ ముక్క తీసేసి కొత్త గొట్టం వేశాను. ఇప్పుడు కంపెనీ పెట్టిన సెన్సార్ తీగ నుంచే, ఇంజను కంప్యూటర్‌కి ఆటంకం రాకుండా, సంకేతం చదువుతున్నాను. ప్రోగ్రాంలో ఒక వరస కలిపాను: అర నిమిషంలో పది డిగ్రీలు దిగితే కూడా తెర మినుకుమంటుంది. ఎక్కువసార్లు అది ఉత్త అలారమే, సిగ్నల్ దాటి ఫ్రీవే ఎక్కినప్పుడల్లా మోగుతుంది. మోగనీ అని వదిలేశాను, ఆ ఒక్క క్షణం కిందికి చూసి బూటు తడిగా ఉందో లేదో చూసుకుంటాను. మీలో ఎవరైనా ఇలాంటి పని చేస్తే ఒక్క మాట. కింద ఒలికిన కూలెంట్‌ని వెంటనే కడిగెయ్యండి. రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

ఇంకో అలవాటు నాన్న చేయించారు. ప్రతి ఆదివారం పొద్దున్న, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడటం. టార్చిలైటు ఒకటి చాలు. ఆయన మార్కాపురం వెళ్ళిపోయాక కూడా వారం వారం ఫోన్ చేసి, పిల్లల గురించి అడిగే ముందే "నీళ్ళు చూశావా?" అంటారు.

చూస్తూనే ఉన్నాను. గత రెండు వారాల్లో పై గీత నుంచి చిటికెన వేలి గోరంత తగ్గింది. కింద నేల మీద మరక లేదు, గొట్టాలన్నీ పొడిగానే ఉన్నాయి. ఎక్కడికి పోతోందో ఇంకా దొరకలేదు. నాన్నకి చెప్పాను, నీళ్ళ పంపు కింద ఉండే చిన్న బెజ్జం దగ్గర చూడమన్నారు. ఈ ఆదివారం బండి పక్క కవర్లు విప్పాలి.