అటక మీద నోటీసు

ఒక అక్క పేరున కారు ఉంది. భర్త దాన్ని కిరాయికి తిప్పుతాడు. ఒక రోజు ఆ కారు తగిలి ఒక కూలీ మనిషి కాలు విరిగింది. కొన్నాళ్లకు అక్కకు కోర్టు నోటీసు వచ్చింది.

"కారు నడిపింది నేను కాదు గదా! నాకెందుకు?" అనుకుంది అక్క. నోటీసు మడిచి అటక మీద పెట్టేసింది.

అలా పెట్టకూడదు. ఎందుకో చూద్దాం.

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవారు నష్టపరిహారం అడగవచ్చు. ఆ కేసులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నడుస్తాయి. ట్రిబ్యునల్ అంటే అదీ ఒక కోర్టే అనుకోండి. బండి ఎవరి పేరున ఉందో వారికీ, బీమా కంపెనీకీ నోటీసులు వస్తాయి.

నోటీసులో ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు మనం గానీ, మన వకీలు గానీ వెళ్లాలి. మన జవాబు రాసి ఇవ్వాలి. వెళ్లకపోతే కేసు ఆగిపోదు. మనం లేకుండానే విచారణ జరిగిపోతుంది. దీన్నే ఎక్స్‌పార్టీ అంటారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. కోర్టులో సగంతో పోదు. మామూలు సివిలు దావా సంగతే చూడండి. జవాబుకు 30 రోజుల గడువు. తగిన కారణం ఉంటే 90 రోజుల దాకా ఇస్తారు. ఎదుటివారు రాసిన సంగతిని మనం కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క కట్టవచ్చు.

మళ్లీ అక్క దగ్గరికి వద్దాం. కారుకు బీమా ఉంది. భర్తకు లైసెన్సు కూడా ఉంది, ట్రంకు పెట్టెలో! బీమా కంపెనీవారు "డ్రైవరుకు లైసెన్సు లేదు" అని వాదించారు. ఉందని చూపడానికి అక్క రాలేదు. అప్పుడేమవుతుంది? కంపెనీ ముందు డబ్బు కట్టి, తరువాత అక్క దగ్గర వసూలు చేసుకోవచ్చని తీర్పు రావచ్చు. కాలు విరిగిన మనిషికి డబ్బు అందాల్సిందే. అది న్యాయం. కానీ బీమా కట్టి కూడా అక్క ఇల్లు ఎందుకమ్ముకోవాలి?

తీర్పు రద్దు చేయమని తరువాత అడగవచ్చు. గట్టి కారణం చూపాలి. "అటక మీద పెట్టి మరిచాను" అంటే కుదరదు.

దెబ్బ తిన్నవారికీ గడువుంది. ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా దరఖాస్తు పెట్టాలని 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. ఈ గడువు మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. అవెలా ఉన్నా, మనం ముందే పెడితే బెంగ ఉండదు గదా.

వకీలుకు డబ్బు లేదా? 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. నోటీసు, బండి ఆర్.సి., బీమా కాగితం, లైసెన్సు పట్టుకెళ్లండి. నోటీసు వచ్చిన కవరు కూడా పారేయకండి. దాని మీద తేదీ ముద్ర ఉంటుంది.