మీకు తెలుసా? ఎంత తిన్నా ఆకలి తీరని చిట్టెలుక

మేత వదలని బొద్దు చిట్టెలుకలు 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో బయటపడ్డాయి. ఎదిగాక మామూలు ఎలుకకు దాదాపు మూడింతల బరువు! ఒక్క జన్యువు చెడితే ఇంత ఒళ్లా? శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్ ఓ లావు ఎలుకనూ మామూలు ఎలుకనూ పక్కపక్కనే కుట్టి, రెండింటి రక్తం కలిసేలా చేశాడు (వింటేనే ఒళ్లు జలదరిస్తుంది). లావుది తిండి తగ్గించేసింది! అంటే ‘ఇక చాలు’ అనే కబురు రక్తంలోనే వస్తోందన్నమాట. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. దాని ఆదేశంతో కొవ్వు కణాలు తయారుచేసే హార్మోనే లెప్టిన్; ‘ఇక చాలు’ అనే కబురు అదే. పుట్టుకతోనే అది లేని మనుషులు బహు అరుదు; వాళ్లకు లెప్టిన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. మామూలు ఊబకాయంలో మాత్రం లెప్టిన్‌కు కొరత ఉండదు, అందుకే ఆ సూదితో పెద్దగా ప్రయోజనం లేదు.