ఒక్క ఉత్తరంతో కదిలిన కోర్టు

“కోర్టు గొడవలు మనకెందుకమ్మా!” అనేస్తాం. పాత్రికేయురాలు షీలా బార్సే అలా అనుకోలేదు. బొంబాయి జైల్లో 15 మంది ఆడఖైదీలతో మాట్లాడితే, లాకప్‌లో తమను కొట్టారని ఐదుగురు చెప్పారు. ఆవిడ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరమే పిటిషనైంది! ఆడవాళ్లకు వేరే లాకప్పులు, ఆడ కానిస్టేబుళ్ల కాపలా ఉండాలని 1983లో తీర్పొచ్చింది. దెబ్బలు తిన్నది ఆవిడ కాదు, చూడండి. నోరులేనివారి తరఫున ఎవరైనా అడగొచ్చు. ప్రజాప్రయోజన వ్యాజ్యమంటే అదే.

ఇంటి ఓనరుతో తగాదా, ఆఫీసులో ప్రమోషన్... వీటికి మాత్రం కుదరదు. వీధిలో మురుగు, చెరువు కబ్జా లాంటివైతే హైకోర్టుకు వెళ్లొచ్చు. ముందు మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించిన నకలు దాచుకోండి. లాయరుగారు మొదట అడిగేది అదే. ఫీజంటారా? ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లు న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయసహాయం అడగొచ్చు.