ధ్రువకాంతి వెంట వచ్చే వినబడని ధ్వని

సెకనుకు 20 కంపనాల కన్నా తక్కువ గల శబ్దం మన చెవికి అందదు. దానిని పరశ్రావ్య ధ్వని అంటారు. ధ్రువ ప్రాంతాల ఆకాశంలో రాత్రివేళ ఆకుపచ్చని తెరల వలె కదలాడే ధ్రువకాంతి మౌనంగా ఉన్నదని మనం అనుకుంటాము. నిజానికి దాని వెంట అటువంటి ధ్వని ఒకటి నేలకు దిగుతుంది.

1741లో స్వీడన్‌లోని ఉప్సాలాలో, ధ్రువకాంతి ఉద్ధృతమైనప్పుడు దిక్సూచి ముల్లు చలించడాన్ని హియోర్టర్, సెల్సియస్ గమనించారు. మనం రోజూ ఉష్ణోగ్రత చెప్పేటప్పుడు తలచుకునే పేరు ఈ సెల్సియస్‌దే. ముల్లును కదిలించేది సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ప్రవహించే విద్యుత్తని తరువాతి కాలంలో తేలింది. తీవ్రమైన రాత్రులలో అది పది లక్షల ఆంపియర్లకు చేరగలదు. మన ఇంటి గీజరు వాడుకునేది సుమారు పది ఆంపియర్లు!

విద్యుత్తు నుండి ధ్వని ఎలా పుడుతుంది? 1960లలో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఈ ప్రశ్నను పట్టుకున్న శాస్త్రజ్ఞుడు చార్లెస్ విల్సన్. అంత ఎత్తున గాలి మిక్కిలి పలుచన, అయినా పూర్తిగా లేకపోలేదు. విద్యుత్ ప్రవాహం ఆ గాలిని వేడి చేస్తుంది, భూమి అయస్కాంత క్షేత్రం తోడై దానిని పక్కకు నెడుతుంది. ఆ ప్రవాహాన్ని మోసే కాంతిచాపం ఒక్కోసారి ధ్వని కన్నా వేగంగా ఆకాశాన్ని దాటుతుంది. వేగంగా పోయే పడవ ముందు నీరు చీలి అల లేచినట్లు, చాపం ముందు గాలి ఒత్తుకుని అలగా మారుతుంది. అదే విల్సన్ వివరణ.

ఆ అల నేల చేరడానికి ఐదారు నిమిషాలైనా పడుతుంది. కాంతిచాపం తల మీదుగా సాగిపోయిన తరువాత గాని పరికరంలో పీడనం కదలదు. ఆ కదలిక కూడా వాతావరణ పీడనంలో పది లక్షల వంతులలో కొద్ది వంతులే. ఒక్కొక్క కంపనానికి పది సెకన్లు మొదలు నిమిషం పైగా పడుతుంది. చిన్న ఈదురుగాలి సైతం దీనిని కప్పివేస్తుంది. అందుకే పరికరాలను దూరదూరంగా అమర్చి, అల ఏది ముందు తాకింది, ఏది వెనుక తాకింది అన్న తేడాను బట్టి దాని దిశను, వేగాన్ని లెక్కిస్తారు.

ఈ లెక్క కేవలం కుతూహలం కోసం కాదు. అణుపరీక్షల నిషేధానికి 1996లో సిద్ధమైన ఒప్పందం ప్రపంచమంతటా 60 పరశ్రావ్య కేంద్రాలను నిర్దేశించింది. వాటిలో ఒకటి ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే ఉన్నది. దూరాన జరిగిన విస్ఫోటనాన్ని పసిగట్టవలసిన ఆ పరికరాలు ధ్రువకాంతి అలను, అగ్నిపర్వత గర్జనను, సముద్రపు హోరును వేటికవిగా గుర్తించాలి. పొరపాటు పడితే ఒక దేశంపై నింద పడుతుంది.

ధ్రువకాంతి చిటపటలాడుతుందని ఉత్తర దేశాల ప్రజలు చెప్పే మాట వేరు. కాంతి మెరిసిన క్షణంలోనే వినిపించే శబ్దం 100 కిలోమీటర్ల ఎత్తు నుండి వచ్చినది కాజాలదు. ఫిన్లాండ్ పరిశోధకుడు ఉంటో లైనె లెక్కల ప్రకారం అది నేలకు సుమారు 70 మీటర్ల ఎత్తున, చల్లగాలిపై వెచ్చనిగాలి పరచుకున్న పొరలో పుడుతుంది.